"స్టాకు లేదు" అని రాసి, కింద సంతకం పెట్టండి

ఇవాళ పొద్దున మన విశాఖలో ఒక ప్రభుత్వాసుపత్రి కుక్కకాటు గది కిటికీకి తెల్లకాగితం అంటించారు. స్కెచ్ పెన్నుతో రెండే ముక్కలు: "సీరం లేదు. బయట తెచ్చుకోవలెను." కింద తేదీ లేదు. సంతకం లేదు. మళ్లీ ఎప్పుడొస్తుందో లేదు. ఆ కిటికీ ముందు, చెంప మీద కాటు పడ్డ మూడేళ్ల పాపని ఎత్తుకుని ఒక తల్లి నిలబడి ఉంది. చదువు రాదు. "ఏటి రాసారు బాబూ?" అని పక్కనున్నాయన్ని అడుగుతోంది. కడుపు మండిపోతోంది.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. కుక్క కరిచి రక్తం వచ్చిందంటే అది మూడో కేటగిరీ, అంటే అన్నిటికన్నా ప్రమాదకరమైన కాటు. దానికి టీకా ఒక్కటే చాలదు. టీకాని రెండు చేతులకీ 0.1 మి.లీ. చొప్పున చర్మంలోకి వేస్తారు. మొదటి రోజు వేసి, తర్వాత 3, 7, 28వ రోజుల్లో మళ్లీ వేస్తారు. కానీ టీకా పడ్డాక ఒంట్లో రక్షణ తయారవడానికి వారం పైనే పడుతుంది. ఈలోగా వైరస్ నరం పట్టుకుంటే ఇంక ఏ డాక్టరూ ఏం చెయ్యలేడు. లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. ఆ మధ్య రోజుల్లో పాపని కాపాడేది సీరమే, అంటే రేబిస్ ఇమ్యునోగ్లోబ్యులిన్. దాన్ని గాయంలోకీ, గాయం చుట్టూ ఎక్కిస్తారు. గుర్రం నుంచి తీసిన సీరమైతే ఒంటి బరువు కిలోకి 40 యూనిట్లు. 5 మి.లీ. సీసాలో 1500 యూనిట్లుంటాయి. 15 కిలోల పాపకి 600 యూనిట్లు, అంటే 2 మి.లీ. చాలు. ఒక్క సీసాతో ఇద్దరు పిల్లలకి వేసి ఇంకా మిగుల్తుంది. మొదటి టీకా పడి 7 రోజులు దాటాక మాత్రం సీరం వేసి లాభం లేదు. ముఖం మీద కాటంటే మెదడుకి దారి మరీ దగ్గర. ఇంతా తెలిసిన గది బయటే "బయట తెచ్చుకోవలెను" అని రాసి పెట్టారు.

బయట తేవడం అంటే ఏంటో కూడా తెలుసుకోండి. సీరాన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంచాలి. ప్రతి మందుల షాపులోనూ దొరకదు. దొరికినచోట కూడా చాలాసార్లు గుర్రం సీరం కాకుండా మనిషి రక్తం నుంచి తీసిన రకమే ఉంటుంది, దాని ధర వేలల్లో. దాన్ని ఐసు పెట్టుకుని తేవాలని ఆ తల్లికి చెప్పేవాళ్లు ఎవరు? ఆటోలో ఎండలో పట్టుకొచ్చిన సీరం పనిచేస్తుందో లేదో ఎవరికీ తెలియదు.

ఇంకో మాట. 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు వీధికుక్కల కేసులో చెప్పింది, ఆస్పత్రుల్లో కుక్కకాటు టీకా, ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎప్పుడూ స్టాకు ఉండి తీరాలని. కుక్కల్ని పట్టి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాల్సింది నగర కార్పొరేషన్. కరిచాక సూది వేయాల్సింది వైద్యశాఖ. ఆపరేషన్లు ఎందుకు కాలేదంటే కార్పొరేషన్ ఒకటి చెప్తుంది, సీరం ఎందుకు లేదంటే వైద్యశాఖ ఇంకోటి చెప్తుంది. కాటు మాత్రం అరిలోవలో, పెందుర్తిలో, గాజువాకలో స్కూలు సంచితో నడుస్తున్న పిల్లకి పడుతోంది.

"స్టాకు లేదు" అనేది వానలా పైనుంచి పడేది కాదండీ. దాని వెనక మనుషులున్నారు, తేదీలున్నాయి, ఆన్‌లైన్ ఎంట్రీలున్నాయి. ఆస్పత్రి ఫార్మసిస్టు ఇండెంటు, అంటే ఏ మందు ఎంత కావాలో రాసిన కాగితం, పెడతారు. అది మందుల లెక్కలుండే ఆన్‌లైన్ సిస్టం ఈ-ఔషధిలో ఎక్కుతుంది. రాష్ట్ర వైద్య సేవలు, మౌలిక సదుపాయాల సంస్థ (అందరం ఎంఎస్ఐడీసీ అంటాం) టెండరు పిలిచి, రేటు ఖాయం చేసి, కంపెనీకి ఆర్డరిస్తుంది. సరుకు సెంట్రల్ డ్రగ్ స్టోరుకి వస్తుంది. శాంపిల్ ల్యాబుకి వెళ్లి పాసయిందాకా బ్యాచ్ మొత్తం పక్కన ఉండాలి. పాసయ్యాక కోటా ప్రకారం ఆస్పత్రికి, అక్కణ్నుంచి వార్డుకి. ఈ దారిలో సరుకు ఎక్కడ ఆగినా, ఏ రోజు ఆగిందో కంప్యూటర్‌కి తెలుసు. ప్రజలకి చెప్పరు, అంతే.

ఎక్కడ ఆగుతుందంటే, మొట్టమొదట ఇండెంటు దగ్గరే. పోయిన ఏడాది ఎంత ఖర్చయిందో చూసి ఈ ఏడాదికి పెడతారు. ఖర్చయిందంటే ఆస్పత్రి ఇచ్చినది. పోయిన ఏడాది మూడు నెలలు సీరం లేకపోతే, ఆ మూడు నెలలూ జనం బయట కొనుక్కున్నది లెక్కలోకి రాదు. కాబట్టి వాడకం తక్కువని తేలుతుంది. ఇండెంటు ఇంకా తగ్గుతుంది. మళ్లీ ముందే అయిపోతుంది. లేని మందు ఏటేటా ఇంకా లేకుండా పోయే ఏర్పాటు ఇది. ఎంతమందిని వెనక్కి పంపామో రాసే రిజిస్టరు ఉంటే ఈ తప్పు ఒక్క ఏడాదిలో సరైపోతుంది. ఆ రిజిస్టరు పెట్టమని ఎవరూ ఆర్డరెందుకు ఇవ్వరు?

రెండోది డబ్బు. కంపెనీకి పాత బిల్లు కట్టకపోతే కొత్త సరుకు పంపదు. బిల్లు సీఎఫ్ఎంఎస్‌లో, అంటే రాష్ట్ర ప్రభుత్వం బిల్లులు చెల్లించే ఆన్‌లైన్ సిస్టంలో, పెండింగులో కూర్చుంటుంది. మార్చి 31 దాటితే పాస్ కాని బిల్లు వెనక్కొస్తుంది, కొత్త ఏడాదిలో మళ్లీ పెట్టాలి. బడ్జెట్ రోజున పేపర్లో వచ్చే వేల కోట్ల అంకె చూసి సంబరపడేవాళ్లకి ఒక మనవి. బడ్జెట్ పుస్తకంలో వైద్య, ప్రజారోగ్యం పద్దు 2210. కట్టడాలకి, పరికరాలకి పెట్టే పద్దు 4210. అక్కడ అంచనా, సవరించిన అంచనా, అసలు ఖర్చు అని వేర్వేరు గడులుంటాయి. హెడ్డింగులో వచ్చేది అంచనా. మీరు చూడాల్సింది అసలు ఖర్చు గడి. అది రెండేళ్ల తర్వాత పుస్తకంలో కనిపిస్తుంది, అప్పటికి ఏ పేపరూ దాని గురించి రాయదు. రాష్ట్రాలు తమ బడ్జెట్‌లో 8 శాతం పైగా ఆరోగ్యానికి పెట్టాలని, అదీ 2020 కల్లా పెట్టాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. ఆ గడిని పట్టుకుని లెక్కేసుకోండి.

పోనీ పైనుంచి రాలేదు. ఆస్పత్రి చేతులు కట్టేసి ఉన్నాయా? లేవు. మందుల డబ్బులో 80 శాతం ఎంఎస్ఐడీసీ కొంటే, 20 శాతం స్థానికంగా కొనుక్కోవడానికే పెట్టారు. సెంట్రల్ డ్రగ్ స్టోరు నుంచి "మా దగ్గర లేదు" అని సర్టిఫికెట్ తీసుకుని, కొటేషన్లు పిలిచి కొనొచ్చు. ఆస్పత్రి అభివృద్ధి సొసైటీ ఖాతా ఉంది. ఆరోగ్యశ్రీ కేసులు చేసినందుకు ప్రభుత్వాసుపత్రికి వచ్చే డబ్బుంది. ఇరవై సీసాల సీరం కొనడానికి మంత్రిగారు రానక్కర్లేదు, ఒక ఫైలు కదిలితే చాలు. కాగితం అంటించడానికి దొరికిన టైము ఆ ఫైలుకి దొరకలేదు.

ఆరోగ్యశ్రీ పేరెత్తాను కాబట్టి దాని సంగతీ చెప్తాను. 2007లో రాజీవ్ పేరుతో మొదలైంది. తర్వాత ఎన్టీఆర్ వైద్యసేవ అయింది, ఆ తర్వాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ. పేరు మారినప్పుడల్లా బోర్డులు మారాయి, కార్డులు మారాయి. మారనిది బకాయి. బకాయిలు కట్టలేదని ప్రైవేటు ఆస్పత్రులు సేవలు ఆపేస్తామంటాయి, ఆపేస్తాయి, చర్చలంటారు, కొంత విదిలిస్తారు. అన్ని పార్టీల హయాంలోనూ ఇదే. ఆగిన రోజుల్లో ఆ రోగులంతా ఎక్కడికి వస్తారు? 1923 నుంచి ఉత్తరాంధ్రని మోస్తున్న మన విశాఖ కింగ్ జార్జ్ ఆస్పత్రికి, అదే కేజీహెచ్‌కి. ఇచ్ఛాపురం నుంచి, పాడేరు నుంచి, అటు ఒడిశా నుంచి కూడా. డోలీలో కొండ దిగి, బండెక్కి, గంటల తరబడి ప్రయాణం చేసి వచ్చే మనిషికి ఏ ఆస్పత్రి కిటికీ దగ్గరైనా ఇలాంటి కాగితం చూపించడానికి మనసెలా వస్తుంది?

నాకు ఇంకోటి మింగుడు పడదు. 2021 ఏప్రిల్ 22న దేశంలో నిండు ట్యాంకర్లతో బయల్దేరిన మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ మన స్టీల్ ప్లాంటు నుంచే మహారాష్ట్రకి వెళ్లింది. ఏడు ట్యాంకర్లు. మన ఊపిరి దేశానికి పంపాం, గర్వంగానే పంపాం. ఆ తర్వాత ఆస్పత్రుల్లో గాల్లోంచి ఆక్సిజన్ తీసే పీఎస్ఏ ప్లాంట్లు పెట్టి రిబ్బన్లు కత్తిరించారు. ఆ ప్లాంటుకి ప్రాణం జియోలైట్ గుళికలు. నైట్రోజన్ని పట్టేసి ఆక్సిజన్ని వదుల్తాయి, 93 శాతం దాకా. తేమ తగిలినా, కంప్రెసర్ నూనె తగిలినా అవి పాడైపోతాయి. ఫిల్టర్లు టైముకి మార్చాలి, వాడకం ఉన్నా లేకపోయినా తరచూ నడపాలి. మూసిపెడితే పాడవుతుంది. మీ ఆస్పత్రిలో ఉన్నదాన్ని చివరిసారి ఎప్పుడు నడిపారో లాగ్ బుక్ అడిగి చూడండి.

ఏ యంత్రమైనా అంతే. కేంద్రం 2015లో తెచ్చిన పరికరాల నిర్వహణ పథకం ప్రకారం జిల్లా ఆస్పత్రుల్లో 95 శాతం సమయం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో 80 శాతం సమయం పరికరాలు పనిచెయ్యాలి. యంత్రం మీద నంబరున్న స్టిక్కర్ ఉంటుంది. చెడిపోయిన గంట, ఫిర్యాదు చేసిన గంట, బాగైన గంట అన్నీ నమోదు కావాలి. ఫిర్యాదే నమోదు చెయ్యకపోతే యంత్రం కాగితం మీద పనిచేస్తున్నట్టే, కాంట్రాక్టరుకి బిల్లూ వస్తున్నట్టే. తలుపు మీద "రిపేరు" అని రాసి ఉంటుంది, సిస్టంలో ఫిర్యాదు ఉండదు. ఆ కాగితానికీ సంతకం ఉండదు.

సంతకం పెట్టి అడిగినవాళ్లకి ఏమైందో మనకి తెలుసు. 2020 ఏప్రిల్‌లో నర్సీపట్నం ఆస్పత్రి మత్తు డాక్టరుగారు ఎన్95 మాస్కులు లేవని నోరు విప్పారు. సస్పెండ్ చేశారు. మే నెలలో ఇదే విశాఖ రోడ్డు మీద, ఒంటి మీద చొక్కా లేని ఆయన్ని పోలీసులు చేతులు కట్టి ఆటోలో ఎక్కించారు. హైకోర్టు కేసుని సీబీఐకి ఇచ్చింది. ఏడాది తిరిగేసరికి ఆయన పోయారు. ఇంక ఏ ఫార్మసిస్టు, ఏ స్టాఫ్ నర్సు "స్టాకు లేదు" అని తన పేరుతో రాసిస్తారు? అందుకే చిన్న ఉద్యోగుల మీద నా కోపం కాదు. సంతకం పెట్టాల్సింది సూపరింటెండెంటు, పైన ఎంఎస్ఐడీసీ ఎండీ, ఆ పైన ఆర్థికశాఖ.

డబ్బుల్లేవన్నది జవాబు కాదని సుప్రీంకోర్టు 1996లోనే తేల్చింది. రైలు నుంచి పడ్డ మనిషిని బెంగాల్లో ప్రభుత్వాసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి వెనక్కి పంపితే, అత్యవసర వైద్యం ఇవ్వకపోవడం జీవించే హక్కుని కాలరాయడమేనని చెప్పి 25,000 రూపాయలు ఇప్పించింది.

సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, ఫీజు పది రూపాయలే, తెల్ల కార్డుంటే అదీ లేదు. "సీరం ఎందుకు లేదు" అని అడక్కండి. "ఎందుకు" అన్నదానికి జవాబివ్వక్కర్లేదని తప్పించుకుంటారు. కాగితాలు అడగండి. ఏప్రిల్ 1 నుంచి ఇవాళ్టి దాకా సీరం స్టాకు లెడ్జరు నకలు. ఇండెంట్ల తేదీలు, పరిమాణాలు. డ్రగ్ స్టోరు ఇచ్చిన "లేదు" సర్టిఫికెట్ల నకళ్లు. స్థానిక కొనుగోలు డబ్బు ఎంత మంజూరైంది, ఎంత విడుదలైంది, ఎంత ఖర్చయింది. అభివృద్ధి సొసైటీ మీటింగ్ మినిట్స్. ప్రాణానికి సంబంధించిన సమాచారమని సెక్షన్ 7(1) రాసి 48 గంటల్లో ఇమ్మనండి. మామూలుగానైతే 30 రోజులు. ఇవ్వకపోతే 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, దాని మీద 90 రోజుల్లోపు కమిషన్‌కి రెండో అప్పీలు. ఆలస్యానికి రోజుకి 250 రూపాయలు, 25,000 దాకా ఆ అధికారి జేబులోంచే. సోమవారం కలెక్టరేటులో అర్జీ కూడా ఇవ్వండి, రసీదు నంబరు లేకుండా కదలకండి.

కుక్క కరిస్తే ముందు కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, కారం పెట్టకండి. కట్టు కట్టకండి. వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. అక్కడ సీరం లేదంటే ఓపీ చీటీ మీదే "సీరం స్టాకు లేదు" అని తేదీ, టైము వేసి రాయించుకోండి. రాయడానికి ఒప్పుకోకపోతే కిటికీ మీది కాగితం ఫొటో తియ్యండి. మీ ఏరియా ఆస్పత్రిలో ఇవాళ సీరం ఉందా, లేదా? తేదీతో సహా కింద రాయండి. సోమవారం అర్జీకి అవన్నీ జత చేద్దాం.