పరగడుపు నుంచి పడుకునే దాకా

రిటైరైన వాళ్లకు పొద్దుపోదని జాలిపడేవాళ్లు ఏ పెద్దాయన మందుల డబ్బాలోకీ ఎన్నడూ తొంగి చూసి ఉండరు. మన వైద్యం వాళ్లకు కల్పించిన ఉద్యోగం అది. సెలవుల్లేవు, బదిలీల్లేవు, స్వచ్ఛంద విరమణ అసలే లేదు.

డ్యూటీ థైరాయిడ్ మాత్రతో మొదలవుతుంది. పరగడుపున మంచినీళ్లతో మింగి, కనీసం అరగంట కాఫీ ముట్టకూడదు. వాసన పీల్చడం మీద ఇంకా ఆంక్షలు రాలేదు. తర్వాత టిఫిన్‌కు ముందు గ్యాస్ బిళ్ళ, టిఫిన్‌తో షుగర్ బిళ్ళ. థైరాయిడ్ మాత్రకూ కాల్షియానికీ అలిగిన వియ్యపురాళ్లలా నాలుగు గంటల ఎడం ఉండాలి. ఎముకల కోసం వారానికొకసారి వేసుకునేది ఇంకో రకం: గ్లాసెడు నీళ్లతో మింగి, అరగంట నడుం వాల్చకూడదు. ఇక పెళ్లికి వెళ్తే, భోజనానికి ముందు వేసుకోవాల్సిన షుగర్ మాత్ర సంగతి చూడండి. అది వేసుకుని కూర్చున్నాక పంక్తి ఆలస్యమైందా, విస్తట్లో పప్పు పడేలోపే షుగర్ పడిపోతుంది.

అసలు ఈ శాఖలో నాకు బాగా నచ్చేది కొత్త పోస్టుల సృష్టి. బీపీకి ఆమ్లోడిపిన్ ఇస్తారు. కొందరికి దానివల్ల కాళ్లు వాస్తాయి. వాపు తగ్గడానికి, మాటిమాటికీ మూత్రానికి పరిగెత్తించే నీళ్ల బిళ్ళ వస్తుంది. దాంతో ఒంట్లో పొటాషియం తగ్గుతుంది కాబట్టి సిరప్ చేరుతుంది. యూరిక్ యాసిడ్ పెరిగితే దానికో మాత్ర. ఈలోగా నీళ్ల బిళ్ళ పుణ్యమా అని పెద్దాయన బస్సెక్కడం మానేస్తాడు, మనవడి బారసాల ఫోన్లోనే చూస్తాడు. మొదటి మాత్రను మారిస్తే పోయేదేమో అని మాత్రం ఎవరూ అనరు. గుండె డాక్టర్ రాసిందాన్ని షుగర్ డాక్టర్ తీసేయడు. అది మర్యాద.

మెడికల్ షాపు కుర్రాడి సేవ కూడా చెప్పుకోవాలి. స్ట్రిప్పును కత్తెరతో సగానికి కోసి, ఎక్స్‌పైరీ డేటున్న ముక్క తనే ఉంచుకుంటాడు. వచ్చే నెల అదే మందు వేరే కంపెనీది, వేరే రంగులో ఇస్తాడు. బామ్మ రెండూ వేర్వేరనుకుని రెండూ వేసుకుంటుంది.

విదేశాల్లోని పిల్లలు రోజూ వీడియో కాల్ చేసి అడిగేదీ అదే: "నాన్నా, మందులు వేసుకున్నావా?" వేసుకున్నానంటే ఇక మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు.

అమెరికాలో మార్క్ బీర్స్ అనే వైద్యుడు 1991లోనే, వృద్ధాశ్రమాల్లో ఉండేవాళ్లకు ఏ మందులు రాయకపోతే మేలో జాబితా వేయించాడు. ఆ జాబితాను ఇప్పటికీ సవరిస్తూనే ఉన్నారు. తీసివేతల లెక్క మనకు స్కూల్లోనే కష్టం కదా! అలాగని పెద్దవాళ్లు సొంతంగా మానేస్తే బీపీ ఊరుకోదు, మళ్లీ ఆస్పత్రి, మళ్లీ చీటీ.

అందుకే నాదొక ప్రతిపాదన. ప్రతి మందుల చీటీ అడుగున 'ఈసారి తీసేసినవి' అని ఒక గడి ముద్రించాలి. డాక్టర్లకు ఇబ్బందైతే ఖాళీగానే వదిలేయవచ్చు. మా పెద్దవాళ్లు ఎలాగూ ఫీజు కట్టేశారు, కాసేపు ఆశపడి వస్తారు.