నాలుగు నాబ్‌లుంటే నాలుగు గొంతులొస్తాయా?

ఎలక్ట్రిక్ గిటార్ కొంటానని ఎవరైనా అనగానే చుట్టూ ఉన్నవాళ్లు చెప్పే సలహా ఒకటుంది. "ఒక వాల్యూమ్, ఒక టోన్ ఉన్నది నేర్చుకునేవాళ్లకు. ప్రతి పికప్‌కీ విడి వాల్యూమ్, విడి టోన్ ఉంటేనే అసలైన గిటార్. రెండు పికప్‌లనూ కావలసిన పాళ్లలో కలుపుకోవచ్చు, సౌండ్స్ రెట్టింపవుతాయి." పికప్ అంటే తీగల కింద ఉండి వాటి కదలికను విద్యుత్ సిగ్నల్‌గా మార్చే భాగం. ఆ సలహా నమ్మే నేను నాలుగు నాబ్‌ల గిటార్ కొన్నాను. అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది, ఇష్టంగానే వాయిస్తాను. కానీ ఆ సలహా మాత్రం నిలబడదు.

ముందు "నేర్చుకునేవాళ్లకు" అన్న ముక్క చూద్దాం. నేటి ఫెండర్ టెలీకాస్టర్‌కి రెండు పికప్‌లున్నా వాల్యూమ్ ఒకటే, టోన్ ఒకటే. దాన్ని ఎవరూ పిల్లల గిటార్ అనరు. రాక్ గిటారిస్ట్ ఎడ్డీ వాన్ హాలెన్ తన చేత్తో కూర్చుకున్న గిటార్‌లో పనిచేసే పికప్ ఒకటే, నాబ్ ఒకటే. అది వాల్యూమ్ నాబే, దాని మీద మాత్రం "టోన్" అని రాసి ఉంటుంది! 1954లో గిబ్సన్ నిజంగానే నేర్చుకునేవాళ్ల కోసం లెస్ పాల్ జూనియర్ తెచ్చింది, దానికి ఉన్నవి రెండే నాబ్‌లు. కానీ దానికున్న పికప్ కూడా ఒకటే. విడదీయాలంటే రెండోది ఉండాలి కదా!

ఇక "కావలసిన పాళ్లలో కలుపుకోవచ్చు" అన్నది. అసలు చిక్కు ఇక్కడే. 1952లో వచ్చిన గిబ్సన్ లెస్ పాల్ గిటార్ నుంచి ఈ రెండు వాల్యూమ్‌లు, రెండు టోన్‌ల పద్ధతి బాగా వ్యాపించింది. అలాంటి గిటార్ మీ చేతిలో ఉంటే, ఏ పికప్ పలకాలో ఎంచే స్విచ్‌ను రెండూ పలికే మధ్య స్థానంలో పెట్టండి. రెండు వాల్యూమ్‌లూ 10 మీద, అంటే పూర్తిగా ఉంచి, నెక్ పికప్ (గిటార్ మెడ వైపు ఉండేది) వాల్యూమ్‌ను మెల్లగా సున్నాకు తిప్పండి. నెక్ పికప్ తప్పుకుని బ్రిడ్జ్ పికప్ (తీగల కింది చివర ఉండేది) మిగలాలి. మామూలు వైరింగ్‌లో అలా మిగలదు, గిటార్ మొత్తం మూగబోతుంది. నాకు మొదటిసారి ఇలా అయినప్పుడు కేబుల్ పోయిందనుకుని మార్చి కూడా చూశాను.

వాల్యూమ్ నాబ్ కింద పాట్ అనే, తిప్పితే నిరోధం మారే భాగం ఉంటుంది, దానికి మూడు కాళ్లు. పికప్ వైరు ఒక చివరి కాలికి, గ్రౌండ్ రెండో చివరి కాలికి, స్విచ్‌కు వెళ్లే వైరు నడిమి కాలికి. నాబ్ సున్నాలో ఉంటే నడిమి కాలు నేరుగా గ్రౌండ్‌కు కలుస్తుంది, గ్రౌండ్‌లోకి పోయిన సిగ్నల్ ఇక వినపడదు. స్విచ్ మధ్యలో ఉన్నప్పుడు రెండు పాట్‌ల నడిమి కాళ్లూ ఒకదానికొకటి కలిసే ఉంటాయి. కాబట్టి రెండో పికప్ సిగ్నల్ కూడా ఆ దారినే గ్రౌండ్‌లోకి పోతుంది. పైన కొద్ది మేరలో పాళ్లు మార్చుకోవచ్చు గానీ ఇష్టమొచ్చినట్టు కలపడం కుదరదు. చివరి కాలి వైరును, నడిమి కాలి వైరును తారుమారు చేసి సోల్డర్ చేస్తే ఈ సమస్య పోతుంది. కానీ అప్పుడు వాల్యూమ్ తగ్గించేకొద్దీ ట్రెబుల్ (పదునైన పై స్థాయి ధ్వని) ఇంకా త్వరగా పడిపోతుంది. ఒకటి దిద్దబోతే ఇంకొకటి చెడుతుంది.

"సౌండ్స్ రెట్టింపు" అన్నదానికి జవాబు చిన్నదే. స్విచ్ మధ్యలో ఉండి వాల్యూమ్‌లు 10 మీద ఉంటే, ఏ టోన్ నాబ్ తగ్గించినా రెండు పికప్‌ల ట్రెబులూ పోతుంది. అంటే అక్కడ రెండు టోన్‌లూ ఒకే పని చేస్తాయి. పైగా మామూలు టోన్ నాబ్ కొత్తగా ఏదీ చేర్చదు, కెపాసిటర్ ద్వారా ట్రెబుల్‌ను గ్రౌండ్‌కు పంపుతుంది, అంతే. 10 మీద పెట్టినా కాస్త లాగుతూనే ఉంటుంది. 500 కిలో ఓమ్‌ల వాల్యూమ్ ఒకటి, టోన్ ఒకటి ఉంటే ట్రెబుల్‌కు ఎదురయ్యేది సుమారు 250 కిలో ఓమ్‌లు. అలాంటివి నాలుగూ ఒకేసారి కలిస్తే 125. సౌండ్స్ ఏమో గానీ, పికప్‌ల మీద భారం మాత్రం నిజంగానే రెట్టింపు. చెవికి సౌండ్ కాస్త మెత్తబడినట్టు ఉంటుంది. కొందరికి అదే నచ్చుతుంది, అది వేరే సంగతి.

అయితే విడి వాల్యూమ్‌లు దండగని నేననను. నెక్ పికప్ 6 మీద, బ్రిడ్జ్ పికప్ 10 మీద పెట్టుకుంటే, పాట మధ్యలో రిథమ్ నుంచి సోలోకి వెళ్లడానికి స్విచ్‌ను ఒక్కసారి నెడితే చాలు. ఒకే వాల్యూమ్ ఉన్న గిటార్‌తో అయితే చిటికెన వేలితో నాబ్ తిప్పాలి, లేదా పెడల్ తొక్కాలి. ఒక పికప్‌ను సున్నాలో పెట్టి స్విచ్‌ను టకటకా ఆడిస్తే సౌండ్ ముక్కలుముక్కలుగా వస్తుంది, గిటారిస్ట్ టామ్ మొరెల్లో ఈ విద్యకు పేరుపొందాడు. కానీ ఈ రెండు పనులకీ స్విచ్ చివర్ల మధ్యే తిరుగుతుంది. కలపడం అనే మాటే లేదు.

మరో పక్క, తీగ మీటి చిటికెన వేలితో వాల్యూమ్‌ను మెల్లగా పెంచుతూ వయొలిన్‌లా పలికించాలంటే, స్ట్రాటోకాస్టర్‌లా చేతి కిందే ఉండే ఒక్క వాల్యూమ్ నాబ్ హాయి. పికప్ మార్చినప్పుడల్లా ఏ నాబ్ దేనిదని వెతుక్కోనక్కర్లేదు.

నా గిటార్‌లో రెండు వాల్యూమ్‌లనూ ప్రతి పాటలోనూ తిప్పుతాను. రెండో టోన్‌ను చివరిసారి ఎప్పుడు ముట్టుకున్నానో గుర్తులేదు. ఫెండర్ జాజ్ బేస్ అనే బేస్ గిటార్ కూడా 1960లో వచ్చినప్పుడు ప్రతి పికప్‌కీ విడి వాల్యూమ్, విడి టోన్‌తోనే వచ్చింది, ఒకదాని మీద ఒకటి పేర్చిన జంట నాబ్‌లతో. 1962 కల్లా వాటి బదులు మూడు నాబ్‌లు పెట్టేశారు: వాల్యూమ్‌లు రెండు, టోన్ ఒకటి.