విద్యార్థి జీవిత భాగస్వామికి ఉన్నది హక్కే

ఈసారి ఉగాది వేడుకల్లో పంచాంగ శ్రవణం ముగిశాక కొత్త కుటుంబాలను వేదికపైకి పిలిచి పరిచయం చేస్తున్నప్పుడు, తెనాలి నుంచి వచ్చిన ఒక అబ్బాయినీ, ఇక్కడ జర్మనీలో ఎం.ఎస్. చదువుతున్న అతని భార్యనూ చూసి, మన తెలుగు సంఘం కార్యవర్గ పెద్ద ఒకరు మైకులోనే "అమ్మాయి ఇంకా చదువుకుంటోంది కదా, మరి నీకు వీసా ఎవరిచ్చారయ్యా?" అని అడిగారు. సభంతా నవ్వింది. ఆమె పోర్చుగల్ దేశస్థురాలు. అందరూ ఎందుకు నవ్వుతున్నారని భర్తను అడిగితే అతను తల వంచుకున్నాడు. కార్యవర్గం ఆ దంపతులకు క్షమాపణ చెప్పుకోవాలని నా అభిప్రాయం.

ఆ ప్రశ్నకు జవాబు 2004లో వచ్చిన యూరోపియన్ యూనియన్ డైరెక్టివ్ (సభ్యదేశాలన్నీ అమలు చేయవలసిన ఆదేశం) 2004/38లో ఉంది. ఒక సభ్యదేశ పౌరురాలు మరో సభ్యదేశంలో చదువుకుంటూ, ఆరోగ్య బీమా కలిగి ఉండి, తమ ఖర్చులకు తగిన ఆదాయం ఉందని హామీ పత్రం ఇస్తే చాలు. భర్త ఏ దేశస్థుడైనా ఆమెతో నివసించవచ్చు, ఉద్యోగం చేసుకోవచ్చు. విద్యార్థుల విషయంలో ఆ హామీ పత్రంలో ఫలానా మొత్తం చూపాలని ఏ దేశమూ పట్టుబట్టకూడదు. వీసాకు రుసుము ఉండదు. అర్జీ పెట్టిన ఆరు నెలల్లోగా రెసిడెన్స్ కార్డు ఇవ్వాలి.

అయితే కౌంటరు దగ్గర పరిస్థితి వేరు. ఆ అబ్బాయికి తోడుగా నేను రెసిడెన్స్ కార్డు అర్జీలు తీసుకునే కార్యాలయానికి వెళ్లాను. అక్కడి ఉద్యోగి జర్మన్ భాషలో ఏ1 (తొలి స్థాయి) సర్టిఫికెట్ తెమ్మన్నారు. అది 2007 నుంచి జర్మన్ పౌరుల జీవిత భాగస్వాములను అడుగుతున్న నిబంధన. వేరే సభ్యదేశం నుంచి వచ్చి ఇక్కడ ఉంటున్న పౌరుల కుటుంబాలకు అది వర్తించదు. అచ్చు వేసి తెచ్చిన చట్టం కాగితాలను ముందు పెట్టి, పై అధికారిని పిలిపించేదాకా మేము కదల్లేదు. అర్జీ అందిన వెంటనే ఇవ్వవలసిన ధ్రువపత్రం చివరికి ఇచ్చారు. కార్డు హక్కుకు రుజువు మాత్రమే, హక్కు అంతకు ముందే ఉంటుంది. కానీ ఆ సంగతి ఉద్యోగమిచ్చే సంస్థ నమ్మలేదు, ఈలోగా అతనికి ఖాయమైన ఉద్యోగం చేజారింది.

ఇలాంటి అడ్డంకులు కొత్తవి కావు. యూనియన్ బయటి దేశం నుంచి వచ్చిన జీవిత భాగస్వామి ముందుగా మరో సభ్యదేశంలో చట్టబద్ధంగా నివసించి ఉండాలని ఐర్లాండ్ పెట్టిన షరతును 2008లో మెటాక్ కేసులో యూరోపియన్ న్యాయస్థానం కొట్టేసింది.

వీసా కోసమే చేసుకునే పెళ్లిళ్లు లేవని నేను అనను. అటువంటిదని తేలితే హక్కును నిరాకరించే అధికారం అదే డైరెక్టివ్‌లోని 35వ అధికరణం దేశాలకు ఇచ్చింది. అది ఒక్కో కేసునూ విడిగా పరిశీలించి తేల్చవలసిన విషయం కనుక, పండుగ వేదిక మీద అనుమానించే పని మనది కాదు. భర్త చదువుకో ఉద్యోగానికో వెళితే డిపెండెంట్ వీసా మీద వెంట వచ్చిన భార్య గురించి మన పేరంటాల్లో గర్వంగా చెప్పుకుంటాం. భార్య చదువు వల్ల భర్తకు నివాసం దొరికిందంటే మాత్రం ఇల్లరికపు అల్లుడిని చూసినట్టు చూస్తాం. ఆ చూపు మారాలి.

విద్యార్థి కుటుంబానికి చట్టమే కొంత తక్కువ ఇచ్చింది. ఉద్యోగం చేసే పౌరుల మీద ఆధారపడిన తల్లిదండ్రులకూ అత్తమామలకూ ఉన్న నివాస హక్కు విద్యార్థుల పెద్దలకు లేదు. వారి రాకను సులభతరం చేయాలని మాత్రమే దేశాలకు చెప్పింది. పురిటికి అమ్మ రావాలనుకునే మన ఇళ్లకు ఇది చిన్న లోటు కాదు. అందుకే ఉన్న హక్కునైనా పూర్తిగా దక్కించుకోవాలి.

కార్యవర్గానికి నా విన్నపం ఇది. ఈ నిబంధనలను తెలుగులో ఒక పేజీగా రాయించి సభ్యులందరికీ పంపండి. జర్మన్ బాగా వచ్చిన సభ్యులు కొందరు ముందుకొచ్చి, ఇలాంటి దంపతులు అర్జీ ఇవ్వడానికి వెళ్లే రోజున వారితో కౌంటరు దాకా వెళ్లే ఏర్పాటు చేయండి. ఆ జాబితాలో మొదట నా పేరు రాసుకోండి.