నొక్కకముందే దూకే యంత్రం

"ఇక పెట్టె అవసరం లేదు." వీడియో ఆటలు ఆడే యంత్రాన్ని ఉద్దేశించి ఈ మాట మొదట అన్న మహానుభావుడు ఎవరో తెలియదు కానీ, ఆయనకు పద్మ పురస్కారం ఏదైనా వచ్చేదాకా నాకు నిద్ర పట్టేలా లేదు. టీవీల దుకాణంలో కుర్రవాడు అదే అంటాడు. ఇంటర్నెట్ కనెక్షన్ అంటగట్టడానికి ఫోను చేసే అమ్మాయి అదే అంటుంది. ఆటల బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు కోసం నెలల తరబడి డబ్బు దాచుకుంటున్న పిల్లవాడు ఎదురుపడితే చాలు, జన్మలో లూడో తప్ప మరో ఆట ఎరగని పెద్దమనిషి కూడా కళ్లు సగం మూసి, "ఇప్పుడంతా క్లౌడే కదా నాయనా, ఇంకా పెట్టెలు కొంటున్నావా?" అని జాలిపడతాడు.

2024 నవంబరులో మైక్రోసాఫ్ట్ ఈ మంత్రానికి భాష్యం కూడా రాసింది. "ఇది ఎక్స్‌బాక్స్" అని ఒక ప్రచారం. ఎక్స్‌బాక్స్ అంటే వాళ్లు అమ్మే ఆటల పెట్టె. ఫోనును చూపించి ఇది ఎక్స్‌బాక్స్ అన్నారు. ల్యాప్‌టాప్‌ను చూపించి ఇదీ ఎక్స్‌బాక్సే అన్నారు. టీవీనీ వదలలేదు. తాము తయారుచేసే వస్తువు అసలు వస్తువే కాదని, అదొక సర్వాంతర్యామి అని తయారీదారులే చెబుతుంటే, ఇంతటి వేదాంతభూమిలో పుట్టిన మనం అడ్డు చెప్పడం బాగుండదు. సర్వం ఎక్స్‌బాక్స్‌మయం జగత్తు. అప్పటి నుంచి మా ఇంట్లో బీరువా తెరిచినా చెప్పులు విప్పి తెరుస్తున్నాను. అన్నట్టు, కొన్ని దేశాల్లో 2020లో మొదలైన, పెట్టె లేకుండా ఇంటర్నెట్ మీదే ఆడించే వాళ్ల క్లౌడ్ సేవ మన దేశానికి 2025 నవంబరులో వచ్చింది. మీట నొక్కాక తెర కదిలేదాకా పట్టే, ఆటగాళ్లు మిల్లీసెకన్లలో కొలుచుకునే జాప్యాన్ని ఐదేళ్లకు సాగదీయగలగడం సామాన్యమైన ఇంజినీరింగ్ కాదు.

దారి తప్పి ఈ వ్యాసంలోకి వచ్చినవారు ఎవరైనా ఉంటే వారి కోసం రెండు ముక్కలు. ఆట మీ ఇంట్లో నడవదు. ఎక్కడో డేటా సెంటర్‌లో, మీరు ఎన్నడూ చూడని కంప్యూటర్‌లో నడుస్తుంది. మీరు మీట నొక్కితే ఆ కబురు అక్కడికి వెళుతుంది. అక్కడ బొమ్మ తయారవుతుంది, దాన్ని వీడియోగా కుదించి మీకు పంపుతారు, మీ టీవీ దాన్ని విప్పి చూపిస్తుంది. ఇదంతా సెకనుకు 60 సార్లు. అంటే పెట్టె ఎక్కడికీ పోలేదు, మీ ఇంట్లోంచి వాళ్లింటికి మారింది. దుమ్ము దులుపుకోవడం వాళ్ల పని, కరెంటు బిల్లు వాళ్లది. మిమ్మల్ని రేపు కూడా ఆడనివ్వాలా వద్దా అన్న నిర్ణయమూ వాళ్లదే. ఈ ఆఖరి సంగతి ఒప్పందంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది, భూతద్దం మాత్రం మనమే తెచ్చుకోవాలి.

కన్సోళ్లకు, అంటే టీవీకి తగిలించుకునే ఆటల పెట్టెలకు, నూకలు చెల్లాయని పండితులు తేల్చడం ఇది మొదటిసారి కాదు. ఆన్‌లైవ్ అనే కంపెనీ 2010లో అమెరికాలో ఇదే సేవ తెరిచినప్పుడూ తేల్చారు. రెండేళ్లకే ఆ కంపెనీ ఉద్యోగులను ఇంటికి పంపి చేతులు మారింది. 2015 ఏప్రిల్‌లో దుకాణం కట్టేసి పేటెంట్లను సోనీకి అమ్ముకుంది. సోనీ ఎవరు? కన్సోళ్లు అమ్ముకునే సంస్థ. నూకలు చెల్లినవాడే వచ్చి కర్మకాండ జరిపించాడన్నమాట. ఆ పండితులు మాత్రం క్షేమంగానే ఉన్నారు. తరువాత గూగుల్ వచ్చింది. 2019 నవంబరులో 14 దేశాల్లో స్టేడియా అనే ఇలాంటి సేవే తెరిచింది. ఆ జాబితాలో మనం లేము, తరువాతా చేరలేదు. అప్పట్లో మనవాళ్లు తెగ బాధపడ్డారు. ఆ బాధ సంగతికి మళ్లీ వస్తాను.

ముందు స్టేడియా లోకానికి ప్రసాదించిన గొప్ప సిద్ధాంతం గురించి చెప్పాలి. సేవ మొదలు కావడానికి నెల ముందు, దాని ఇంజినీరింగ్ ఉపాధ్యక్షుడు ఒక ఆటల పత్రికతో మాట్లాడుతూ, ఒకటి రెండేళ్లలో క్లౌడ్‌లో నడిచే ఆట మీ ఇంట్లోని ఎంత గొప్ప యంత్రం కన్నా చురుగ్గా స్పందిస్తుందని చెప్పారు. ఎలాగంటే, మీరు ఏ మీట నొక్కబోతున్నారో యంత్రం ముందే ఊహించి సిద్ధంగా ఉంటుందట. దీని పేరు నెగెటివ్ లేటెన్సీ, అంటే సున్నా కన్నా తక్కువ జాప్యం. జాప్యం తగ్గడం, సున్నాకు చేరడం అన్నవి పాతబడిన ఆశయాలు. ఇక్కడ జాప్యం సున్నాను దాటి అవతలి గట్టుకు చేరింది.

ఒక్కసారి ఊహించండి. ఆదివారం సాయంత్రం. మేనల్లుడు సోఫాలో కూర్చున్నాడు. వీడు దూకబోతున్నాడని యంత్రం గ్రహించింది, దూకించింది. నిజానికి వాడు ముక్కు గోక్కోబోతున్నాడు. తెర మీద వీరుడు లోయలో పడ్డాడు. యంత్రం నొచ్చుకుంది, ఇంకా లోతుగా అధ్యయనం చేసింది. వీడు మూడో అంకంలో రాక్షసుడి చేతిలో ఎలాగూ ఓడిపోతాడని కనిపెట్టింది. అలాంటప్పుడు ఏడింటిదాకా ఆగడం ఎందుకని ఆరింటికే ఓడిపోయింది. వాడు కాఫీ తాగి వచ్చేసరికి తెర మీద "మీరు మరణించారు" అని ఉంది. ఇప్పుడు వీడికి కోపం వస్తుందని, చేతిలోది నేలకేసి కొడతాడని దానికి తెలుసు. కాబట్టి కొత్త కంట్రోలర్‌కు ఆర్డరు పెట్టేసింది. చందా రద్దు చేసుకుంటాడని తెలుసు, రద్దు చేసింది. రెండు రోజుల్లో మనసు మార్చుకుంటాడనీ తెలుసు, తిరిగి చేర్చుకుంది. ఈ మొత్తం వ్యవహారంలో డబ్బులు రెండుసార్లు తెగిపోయాయి, అదొక్కటీ ఊహ కాదు. తరువాతి ఆదివారానికి యంత్రం ఆట మొత్తం పూర్తి చేసి, వాడి తరఫున ఆనందించి, వాడి పేరిట ఐదు నక్షత్రాల సమీక్ష కూడా రాసింది. ఇదంతా గుమ్మంలో నిలబడి చూస్తున్న అమ్మమ్మ, "మరి నువ్వెందుకురా అక్కడ కూర్చోవడం? లేచి వచ్చి అన్నం తిను" అంది. ఈ పరిశ్రమ చరిత్రలో ఇంత సూటి ప్రశ్న ఏ వాటాదారుల సమావేశంలోనూ వచ్చి ఉండదు.

అంత పెద్ద కంపెనీలో అంత చదువుకున్న మనిషి ఇలా మాట్లాడవలసిన అవసరం ఎందుకు వచ్చింది? కాంతి మాట వినదు గనుక. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళుతుంది. అంటే మిల్లీసెకనుకు 200 కిలోమీటర్లు. సర్వరు ముంబయిలో ఉందనుకుంటే, హైదరాబాద్ నుంచి గీత గీసినట్టు పోయినా అటూ ఇటూ కలిపి ఆరు మిల్లీసెకన్లకు పైనే. కేబుళ్లు గీత గీసినట్టు పోవు. దానికి వీడియో కుదించే సమయం, విప్పే సమయం, దారిలో రూటర్లు, ఇంట్లో రెండు గోడల అవతలి వైఫై అన్నీ కలపండి. ఆటలో ఒక ఫ్రేము, అంటే తెర మీది ఒక్క బొమ్మ, ఆయుష్షు 16.7 మిల్లీసెకన్లు. ఇంట్లోని యంత్రానికీ దాని జాప్యం దానికి ఉంటుంది, ఇది దాని నెత్తిన అదనం. పోనీ ఆ అదనం ఎప్పుడూ ఒకేలా ఉంటే వేళ్లు అలవాటు పడతాయి. ఒక ఫ్రేము సమయానికి, మరొకటి ఆలస్యంగా, ఇంకొకటి అసలు రాకుండా ఉంటేనే చిక్కు. తుపాకీ గురి చూసిన చోట శత్రువు అప్పటికే లేడు, ఆ సంగతి మీకు చేరేసరికి మీరూ లేరు.

ఇక్కడే ఒక జ్ఞాని లేచి, "సినిమాలు ఇలాగే డీవీడీ నుంచి స్ట్రీమింగ్‌కు మారలేదా?" అంటాడు. ఈ ప్రశ్న వేసినవారికి విడిగా ఒక పంక్తిలో కుర్చీలు వేయించాలి. సినిమాలో తరువాతి దృశ్యం ఏమిటో ముందే తెలుసు. కాబట్టి ముందుగానే నాలుగు నిమిషాల సినిమా తెచ్చి పక్కన పెట్టుకోవచ్చు, నెట్ తడబడినా మీకు తెలియదు. ఆటలో తరువాతి ఫ్రేము మీ వేలి కింద ఉంది. దాన్ని ముందే తెచ్చిపెట్టడం అమ్మమ్మ కాదన్న ఆ సిద్ధాంతానికే సాధ్యం. ఇంకో సంగతి, ఒకే సినిమా ఫైలును లక్షమందికి పంపవచ్చు. ఆటలో మనిషికో గ్రాఫిక్స్ కార్డు అక్కడ కేటాయించి తీరాలి. అందరూ ఆడేది రాత్రి ఏడు నుంచి పదకొండు దాకానే. అమెరికాలో పగలు ఖాళీగా ఉన్న యంత్రాలను మనకు అరువివ్వాలంటే మళ్లీ కాంతి ఒప్పుకోదు. అందుకే ఉచిత ఖాతాల వాళ్లు వరుసలో నిలబడతారు. డబ్బు కట్టినవాళ్లకూ గడియారం ఉంది, ఎన్విడియా వారి క్లౌడ్ సేవ జీఫోర్స్ నౌ చందాదారులకు నెలకు 100 గంటలు.

మన సంగతి చూద్దాం. సెకనుకు 15 మెగాబిట్ల వేగంతో ఆడితే గంటకు దాదాపు 6.75 జీబీ. రోజుకు 1.5 జీబీ ఇచ్చే ఫోను ప్యాకేజీతో 13 నిమిషాలు ఆడవచ్చు. ఆ 13 నిమిషాల్లో ఆట పేరు, దాన్ని తయారుచేసినవారి పేర్లు తృప్తిగా చూసుకోవచ్చు. ఇంటి కనెక్షన్ ఉన్నవాళ్లు నయం, అది స్తంభం మీద ఉన్నంతసేపు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. అది వెటకారం చేసే విషయం కాదు. ఆ తరువాత విద్యుత్ సంస్థ స్తంభాల మీది కేబుళ్లను కత్తిరించింది, నగరంలో ఎన్నో ఇళ్లకు ఇంటర్నెట్ ఆగింది, పంచాయతీ హైకోర్టు దాకా వెళ్లింది. ఏళ్ల తరబడి ఎవరికీ పట్టని ఆ తీగల చిక్కుముడి మీద మన భవిష్యత్తంతా వేలాడుతోందని ప్రకటన రాసేవాడికి తెలియదు. ఆ వారం ఆట ఇంట్లో ఉన్నవాడు ఆడుకున్నాడు.

న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. హాస్టల్ గదిలో పాత ల్యాప్‌టాప్ తప్ప గతిలేని విద్యార్థికి ఇది నిజంగా వరమే. తాపీగా ఆలోచించి ఆడే ఆటలు దీని మీద బాగానే నడుస్తాయి. కొనేముందు రుచి చూడటానికీ పనికొస్తుంది. కదిలే గడ్డి, వాన కనిపించగానే తెర అంతా అలికినట్టు కావడాన్ని భరించగలిగితే చూడటానికీ బాగుంటుంది. పెట్టెకు తోడుగా ఉంటానంటే రమ్మందాం. పెట్టెకు బదులు అన్నప్పుడే ఒళ్లు మండుతుంది.

ఎందుకు మండుతుందో చెబుతాను. 2022 జులై చివర్లో స్టేడియా మూతపడుతోందన్న పుకారు వస్తే, మూయడం లేదని స్టేడియావారే బహిరంగంగా అన్నారు. సెప్టెంబరు 29న మూసేస్తున్నామని ప్రకటించారు. 2023 జనవరి 18న ఆపేశారు. ఆటలు కొన్న డబ్బు, పరికరాల డబ్బు తిరిగి ఇచ్చారు, కాదనను. కానీ స్టేడియా మీద ఆడే ఆట రెడ్ డెడ్ ఆన్‌లైన్‌లో దాదాపు 6,000 గంటలు గడిపిన ఒక ఆటగాడు, నా పాత్రనైనా వేరే చోటికి మార్చుకోనివ్వండని బహిరంగంగా బతిమాలుకోవలసి వచ్చింది. ఆరు వేల గంటలు! దానికి రీఫండు ఏ ఖాతాలో వేస్తారు? మన దేశానికి రాలేదని అప్పుడు బాధపడ్డవాళ్లు ఇక ఆ బాధ మానుకోవచ్చు. పెట్టె ఉన్నవాళ్లు మాత్రం సురక్షితమా అంటే, అదీ లేదు. ఆటల కంపెనీ యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న, ఆన్‌లైన్‌లో ఉంటేనే నడిచే 'ది క్రూ' ఆట సర్వర్లు ఆపేసింది. డబ్బిచ్చి కొని అలమరలో పెట్టుకున్న డిస్కు కూడా ఆ రోజుతో పనికిరాకుండా పోయింది. మేము కొన్న వస్తువు మాదే కదా అని అడిగినవాళ్లను వింతగా చూస్తున్నారు. వింత ఏముంది ఇందులో? పుచ్చుకున్న డబ్బు మీదే అని మీకు బాగానే గుర్తుంది కదా!

అంతకన్నా సిగ్గులేనిది ఇంకొకటి ఉంది. కృత్రిమ మేధ డేటా సెంటర్ల కోసం ప్రపంచంలోని మెమరీ చిప్పులన్నీ ఊడ్చుకుపోతున్నారు. 2025 చివరికి ర్యామ్ ధరలు రెట్టింపు దాటాయి. దాదాపు మూడు దశాబ్దాలు క్రూషియల్ పేరుతో మామూలు జనానికి మెమరీ అమ్మిన మైక్రాన్, ఆ వ్యాపారమే మానేస్తున్నట్టు డిసెంబరులో ప్రకటించింది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో దుకాణం దుకాణం తిరిగి, బేరమాడి, విడిభాగాలు ఒక్కొక్కటే పోగేసి తన కంప్యూటర్‌ను తానే బిగించుకునే పిల్లవాడి సంతోషం మీద పడింది ఈ దెబ్బ. మన బోర్లు ఎండిపోయేదాకా తోడుకుని, ఆ నీళ్లనే ట్యాంకరులో తెచ్చి మన గుమ్మంలో అమ్ముతున్నారు. పైగా, "బోరు ఎందుకండీ, నిర్వహణ ఖర్చు దండగ" అని హితబోధ. కొనలేని స్థితికి తెచ్చినవాళ్లే కొనవలసిన అవసరం లేదని చెప్పడానికి ఎంత గుండె ధైర్యం కావాలి!

2025 అక్టోబరులో ఆ గూగులే విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో కృత్రిమ మేధ కేంద్రం పెడతానని ప్రకటించింది. అందులో ఆటలకు చోటు ఉందని ఎవరూ అనలేదు. అయినా అనకాపల్లిలో ఒకాయన, ఇంత దగ్గరగా సర్వర్లు వచ్చాక జాప్యం ఇక ఎక్కడుంటుందని, తన గ్రాఫిక్స్ కార్డును ఇప్పుడే అమ్మకానికి పెట్టాడని విన్నాను. దయచేసి ఆయనకు ఎవరూ ఏమీ చెప్పవద్దు. నేను రాత్రి బండికి బయలుదేరుతున్నాను.