బొమ్మ క్షేమంగా దిగాలి

మొన్న సంక్రాంతికి ఒడిశాలోని పర్లాకిమిడి వెళ్ళినప్పుడు, ఊరి బయట కోతలైపోయిన మళ్ళలో మా అక్క పిల్లలతో కలిసి నీళ్ళ రాకెట్ ఎగరేశాను. 2 లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలో మూడోవంతు నీళ్ళు, వాల్వు గుచ్చిన రబ్బరు బిరడా, ఒక సైకిల్ పంపు. అంతే సరంజామా. ఇక్కడ అమెరికాలో నేను వాడే, తుపాకిమందు నింపిన మోడల్ రాకెట్ మోటార్లను విమానంలో తీసుకెళ్ళనివ్వరు.

మొదటి రెండుసార్లు పక్కవీధి ఒడియా పిల్లలు కూడా చేరి "పాంచ, చారి, తిని" అని లెక్కపెట్టారు, చప్పట్లు కొట్టారు. కాసేపటికే అందరి చూపూ గాలిపటాల మీదికి పోయింది. మూడోసారి మా మేనకోడలు బొటనవేలంత ప్లాస్టిక్ బొమ్మను తెచ్చి రాకెట్ టోపీలో కూర్చోబెట్టింది. పారాచూట్ విచ్చుకోలేదు. సీసా తిన్నగా వచ్చి మడిలో పడింది. ఎంత ఎత్తు వెళ్ళిందని ఒక్కరూ అడగలేదు. "మావయ్యా, బొమ్మకేటైంది?" అంటూ అందరూ ఒకటే పరుగు.

ఆ పరుగు చూశాకే ఈ వ్యాసం రాయాలనిపించింది. పిల్లలకు రాకెట్ నేర్పాలంటే ముందు అందులో ఒక ప్రయాణికుణ్ణి కూర్చోబెట్టాలి.

మోడల్ రాకెట్ మోటారు మీద సి6-5 అని ఉంటుంది. సి అంటే మందు కాలినంతసేపూ కలిపి మొత్తం ఎంత తోపు ఇస్తుందో, 6 అంటే సగటున ఎన్ని న్యూటన్ల తోపో. మందు కాలిపోయాక 5 సెకన్లు ఆగి, చిన్న పేలుడుతో టోపీని ఊడగొట్టి పారాచూట్‌ని బయటికి తోస్తుంది. అంటే ఆ చివరి అంకె కిందికి దిగడం కోసమే ఉంది. మనం పిల్లలకు చెప్పేటప్పుడు దాన్నే వదిలేస్తున్నాం.

ఆ సాయంత్రం పిల్లలు మాత్రం పారాచూట్ సంగతే పట్టుకున్నారు. ప్లాస్టిక్ కవరు మడతలు అంటుకుపోతున్నాయని టాల్కం పౌడర్ చల్లారు. ఈసారి విచ్చుకుంది గానీ, గాలికి కొట్టుకుపోయి చింతచెట్టుకి చిక్కుకుంది. పారాచూట్ నడుమ రూపాయి బిళ్ళంత చిల్లు పెట్టమన్నాను. "చిల్లెడితే పడిపోదా?" అని మేనకోడలికి అనుమానం. పెట్టి చూసింది. ఊగులాట తగ్గింది, కొంచెం వేగంగా దిగింది, మళ్ళోనే వాలింది. బొమ్మను గుప్పిట్లో పట్టుకుని ఇంటిదాకా వదల్లేదు.

మిడతను ఎక్కిద్దామన్నాడు ఒకడు. వద్దని గట్టిగా చెప్పాను. 1957లో సోవియట్ రష్యావాళ్ళు లైకా అనే కుక్కని తిరిగొచ్చే దారి లేకుండానే అంతరిక్షంలోకి పంపారు. 1960లో బెల్కా, స్ట్రెల్కా అనే కుక్కలు ప్రాణాలతో దిగాయి. ఆ కథ చెప్తే పిల్లలే మిడతను వదిలేశారు. మన గగన్‌యాన్ కోసం 2023 అక్టోబర్ 21న శ్రీహరికోటలో చేసిన పరీక్షలోనూ వ్యోమగాములు కూర్చునే గదిని (క్రూ మాడ్యూల్) మనుషుల్లేకుండా పైకి పంపి, పారాచూట్లతో బంగాళాఖాతంలో దింపి, నేవీ చేత ఒడ్డుకు తెప్పించారు.

అమెరికాలోని మన తెలుగు సంఘం ఏటా సొంతూళ్ళలో సన్మానాలకీ, స్టేజీలకీ ఖర్చు పెడుతోంది. అందులో కొంచెం తీసి పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం పిల్లలకు ఒక్కో రోజు కేటాయించమని కార్యవర్గాన్ని అడుగుతున్నాను. పంపులు, బిరడాలు నేను కొంటాను. పిల్లలు కనీసం 15 అడుగుల దూరంలో నిలబడేలా చూసే పెద్దవాళ్ళు ఊరికి ఇద్దరు కావాలి. బొమ్మల్ని పిల్లలే తెచ్చుకుంటారు.