సవరణ: ఎయిర్‌బ్యాగ్ లైటు, సీటు కింద కనెక్టర్

పాత కార్లో ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరకపోతే, సీటు కింద పసుపు కనెక్టర్ ఊడదీసి శుభ్రం చేసి పెట్టమని ఇంతకుముందు రాశాను. కొత్తపట్నం, మైపాడు వైపు ఉప్పుగాలికి ఆ పిన్నులు చిలుం పట్టడం మామూలే కాబట్టి ఆ మాట అలాగే ఉంచుతున్నాను. దానికి ఇవి కలపండి.

కనెక్టర్ ముట్టుకునే ముందు కీ ఆపి, బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, మాన్యువల్‌లో చెప్పినంతసేపు ఆగాలి. ఎయిర్‌బ్యాగ్‌ను నడిపే మాడ్యూల్‌లోని కెపాసిటర్‌లో ఛార్జ్ కాసేపు నిలిచి ఉంటుంది, దానికి బ్యాగు పేలొచ్చు. కనెక్టర్ ఊడి ఉండగా కీ ఆన్ చేస్తే కొత్త ఫాల్ట్ కోడ్ (లోపం ఎక్కడో మాడ్యూల్ రాసుకునే గుర్తు) కూడా పడుతుంది.

"శుభ్రం చేశాం, అయినా లైటు పోలేదు" అని ఒంగోలు నుంచి ఒకరు అడిగారు. చాలా కార్లలో వైరింగ్ బాగైనా కోడ్ మెమరీలో ఉండిపోతుంది. చవక స్కానర్లు ఎక్కువగా ఇంజిన్ కోడ్‌లే చదువుతాయి; ఎయిర్‌బ్యాగ్ కోడ్ చదివి చెరిపే స్కానర్ ఉన్న షాపుకే వెళ్లాలి. చెరిపినా మళ్లీ వస్తే, హారన్ కూడా మొరాయిస్తుంటే, స్టీరింగ్ కింది క్లాక్ స్ప్రింగ్ (స్టీరింగ్ తిరుగుతున్నా ఎయిర్‌బ్యాగ్‌కు, హారన్‌కు కరెంటు అందించే చుట్ట వైరు) మీద అనుమానపడండి. సీటు బెల్టు ప్రీటెన్షనర్ (గుద్దుకున్నప్పుడు బెల్టును బిగించేది) తేడా చేసినా ఇదే లైటు వెలుగుతుంది.

ఎయిర్‌బ్యాగ్‌కు మల్టీమీటర్ పెట్టి చూడొద్దు, ఆ కొద్ది కరెంటుకే పేలే ప్రమాదం ఉంది. ఎయిర్‌బ్యాగ్ బదులు రెసిస్టర్ పెట్టి లైటు ఆర్పేస్తామనే మెకానిక్‌కు దండం పెట్టి వచ్చేయండి. లైటు ఆరుతుంది గానీ, హైవే మీద గుద్దుకున్నప్పుడు బ్యాగు తెరుచుకోదు.