డబ్బా నిండా గుండ్లు

మూస్ వేటకు లైసెన్సు చేతికొచ్చిన రోజు నుంచి మూడు నెలలు నాకు బుల్లెట్ తప్ప వేరే ధ్యాస లేదు. మూస్ అంటే అల్లాటప్పా దుప్పి కాదు, బాగా ఎదిగిన మగది 500 కిలోలు కూడా దాటుతుంది. గురి తప్పితే నాకు సిగ్గు, బుల్లెట్ ఎంపిక తప్పితే దానికి నరకం.

తూటాల పేర్ల దగ్గరే తల తిరిగింది. థర్టీ-థర్టీలో రెండో ముప్పై తుపాకి మందు బరువట, గ్రెయిన్లనే బుల్లి తూకంలో. అయితే థర్టీ-నాట్-సిక్స్‌లో ఆరు గ్రెయిన్ల మందేనా, మరీ ఇంత పిసినారితనమా అన్నాను. అది 1906, తూటా పుట్టిన సంవత్సరమని మా బావ కళ్లు మూసుకుని చెప్పాడు. టూ-ఫిఫ్టీ-త్రీ థౌజండ్‌లో 3000 ఏమో వేగం, సెకనుకు అన్ని అడుగులు. ఈ పేర్లు పెట్టినవాళ్లకి ఒకరితో ఒకరికి మాటల్లేవనుకుంటా.

తర్వాత బుల్లెట్ బరువు. 165 గ్రెయిన్లా, 180 గ్రెయిన్లా? నిద్ర పోయింది, నెత్తిన మిగిలిన నాలుగు వెంట్రుకలూ పోయాయి. తీరా లెక్కేస్తే రెండింటికీ తేడా ఒక్క గ్రాము.

ఇక రకాలు. మొత్తం లోహపు తొడుగున్నది విచ్చుకోదు, సన్న బెజ్జం చేసి అవతలికి పోతుంది, గాయపడ్డ జంతువు ఎంత దూరమో పరుగెడుతుంది. మెత్త మొనది పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. కానీ తొందరపడితే పైపైనే చితికిపోతుంది. 1946లో జాన్ నోస్లర్ అనే వేటగాడికి అదే జరిగింది. బురద కట్టిన మూస్ భుజం మీద ఆయన గుండ్లు చితికాయి. ఆయన ఊరుకోలేదు, లోపల అడ్డుగోడ ఉన్న గుండు తయారుచేశాడు. ముందు సగం విచ్చుకున్నా వెనక సగం చెక్కుచెదరకుండా లోపలికి దూసుకుపోతుంది. ఇది చదివాక ఇంకేం కావాలి? 180 గ్రెయిన్లు, అడ్డుగోడది, ఆర్డర్ పెట్టేశాను.

డబ్బా చిన్నదే గానీ బరువుగా ఉంది. మామూలుగా 20 ఉంటాయి, దీని మీద 50 అని రాసుంది. లాభమే అనుకుని సీలు విప్పకుండా సంచిలో పడేశాను.

క్యాంపు చేరాక, గురి సరిచూసుకుందామని విప్పాను. నిగనిగలాడే రాగి మొనలు, చిటికెన వేలంత కూడా లేవు.

"తూటాలేవి?" అన్నాడు బావ.

"ఇవే కదా బావా."

"ఇవి ఉత్త గుండ్లురా. ఇత్తడి గొట్టం, మందు, దాన్ని అంటించే క్యాపు ఎక్కడ? ఇవి ఇంట్లో తూటాలు కట్టుకునేవాళ్లు కొనేవి. ఏం చేస్తావు, విసురుతావా?"

మనం బుల్లెట్ అంటే మొత్తం తూటా. అమ్మేవాడు బుల్లెట్ అంటే మొన ఒక్కటే. మూడు నెలల్లో నేను చదవని ముక్క అదొక్కటే మరి!

బావది త్రీ-సెవెంటీ-ఫైవ్, దాని తూటాలు నా తుపాకీలోకి దూరవు. కాబట్టి నాకు బైనాక్యులర్ డ్యూటీ పడింది.

మధ్యాహ్నం పొదల మాటున కూర్చున్నాం. నీళ్ల ఒడ్డున కొమ్ములు కదిలాయి. టోపీ అంచు బైనాక్యులర్‌కి అడ్డొస్తోందని తీసి పక్కన పెట్టాను. ఎండ సరిగ్గా నా నెత్తిన పడింది. మూస్ తలెత్తి ఇటే చూసింది, నింపాదిగా చెట్లలోకి వెళ్లిపోయింది.

బావ తుపాకీ దించి నా తలకేసి చూశాడు.

"యాభయ్యే అనుకున్నా. యాభై ఒకటోది కూడా తెచ్చావన్నమాట."